ఎంపిక జాబితాల వడపోత

వెబ్ ఫారములోని డ్రాప్‌డౌన్ జాబితాలో డేటాబేసులో ఉన్న విలువలన్నింటినీ కాక, ఆ సందర్భానికి, ఆ వాడుకరికి తగిన విలువలను మాత్రమే చూపించే పద్ధతిని ఎంపిక జాబితాల వడపోత అంటారు. రాష్ట్రాన్ని ఎంచుకోగానే ఆ రాష్ట్రపు జిల్లాలు, జిల్లాను ఎంచుకోగానే ఆ జిల్లాలోని మండలాలు మాత్రమే కనిపించడం దీనికి అందరికీ పరిచయమైన ఉదాహరణ. ధ్రువీకరణ పత్రముల దరఖాస్తులు, కళాశాల ప్రవేశాలు, బ్యాంకు ఖాతాలు, రైలు టిక్కెట్లు మొదలైన వాటి ఫారములలో ఇది ఏదో ఒక రూపంలో ఉంటుంది.

ఈ వడపోతలో రెండు వేర్వేరు పనులు ఇమిడి ఉన్నవి. మొదటిది, వాడుకరికి ఏ విలువలను చూపించాలన్నది. రెండవది, వాడుకరి పంపిన విలువలలో వేటిని అంగీకరించాలన్నది. మొదటి పని చేసి రెండవది కూడా అయిపోయినట్లు భావించడం వలన తప్పుడు సమాచారం నమోదు కావడం, ఒకరి వివరాలు మరొకరికి కనిపించడం, ఒకప్పుడు సరిగా నమోదైన సమాచారం ఎవరికీ తెలియకుండా మారిపోవడం వంటి ఇబ్బందులు కలుగుతాయి.

నేపథ్యం

1970లో ఐబీఎం సంస్థలో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ సంబంధిత డేటాబేసుల నమూనాను ప్రతిపాదించాడు. ఇందులో సమాచారాన్ని వేర్వేరు పట్టికలుగా విడదీసి, ఒక పట్టికలోని వరుసను మరొక పట్టిక కీ ద్వారా సూచిస్తుంది. దరఖాస్తుల పట్టికలో జిల్లా పేరును మళ్ళీ మళ్ళీ వ్రాయక, జిల్లాల పట్టికలోని కోడ్‌ను మాత్రమే ఉంచుతారు. ఇలా వేరొక పట్టికను సూచించే నిలువు వరుసను ఫారిన్ కీ అంటారు. తెరపై కనిపించే డ్రాప్‌డౌన్ జాబితా చాలా సందర్భాలలో ఈ ఫారిన్ కీకి బయటి రూపమే.

వెబ్ ఫారములలో ఇటువంటి జాబితాను ఏర్పరచే సెలెక్ట్ అనే అంశం 1995లో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణంలో ఉన్నది. తొలి రోజులలో జాబితాలోని పేర్లను పేజీలోనే చేతితో వ్రాసేవారు. తరువాత పీహెచ్‌పీ, ఏఎస్‌పీ వంటి సర్వరు భాషల సాయంతో ఆ పేర్లను డేటాబేసు నుండి తెచ్చి నింపడం వాడుకలోకి వచ్చింది. వెబ్‌కు వెలుపల, 1992లో విడుదలైన మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌తో పనిచేసినవారికి కూడా ఒక కాంబో బాక్సులోని ఎంపికను బట్టి మరొక కాంబో బాక్సును వడపోయడం బాగా తెలిసిన విషయమే.

వెబ్‌లో ఒక చిక్కు ఉండేది. జిల్లాను ఎంచుకున్న తరువాత మండలాల జాబితా రావాలంటే పేజీ మొత్తాన్ని మళ్ళీ సర్వరు నుండి తెప్పించుకోవలసి వచ్చేది. లేనిచో అన్ని జిల్లాల మండలాలనూ ముందుగానే జావాస్క్రిప్టు రూపంలో పేజీతో పాటు పంపవలసి వచ్చేది. 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 5తో వచ్చిన ఒక సదుపాయం వలన, పేజీని కదల్చకుండా కావలసిన భాగాన్ని మాత్రమే సర్వరు నుండి అడిగి తెచ్చుకోవడం వీలైంది. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ ఈ తరహా పద్ధతులన్నింటికీ కలిపి అజాక్స్ అని పేరు పెట్టాడు. ఒకదానిపై ఒకటి ఆధారపడే జాబితాలు ఆ తరువాత సర్వసాధారణమైనవి.

వడపోతకు ఆధారాలు

జాబితాను ఏ ఆధారంతో వడపోయాలన్నది అవసరాన్ని బట్టి మారుతుంది. అన్నింటికంటె సులభమైనది స్థితిని బట్టి చేసేది. అనగా ప్రస్తుతం అమలులో ఉన్న కోర్సులను మాత్రమే చూపి, రద్దయిన కోర్సులను వదలివేయడం. రెండవది మరొక ఎంపికను బట్టి చేసేది. జిల్లా, మండలం, గ్రామం ఈ కోవలోనివే. మూడవది వాడుకరిని బట్టి చేసేది. ఒక పాఠశాల గుమాస్తాకు ఆ పాఠశాల విద్యార్థుల పేర్లు మాత్రమే జాబితాలో రావాలి. నాలుగవది కాలాన్ని, లభ్యతను బట్టి చేసేది. బస్సులో ఇంకా మిగిలి ఉన్న సీట్లు, వైద్యుని వద్ద ఖాళీగా ఉన్న సమయాలు ఈ రకానికి చెందుతాయి.

మొదటి రెండు రకాలలో పొరపాటు జరిగితే అసౌకర్యమో, తప్పుడు సమాచారమో ఏర్పడుతుంది. మూడవ రకంలో పొరపాటు జరిగితే ఇతరుల సమాచారం బయటపడుతుంది. కనుక ఒకే విధమైన జాబితాగా తెరపై కనిపించినా, వీటి వెనుక తీసుకోవలసిన జాగ్రత్తలు ఒకటి కావు.

ఆధారిత జాబితాలు పనిచేసే విధానం

జిల్లా, మండలం జాబితాలను ఉదాహరణగా తీసుకొనవచ్చును. మండలాల పట్టికలో ప్రతి వరుసకూ మండలపు కోడ్, పేరు, ఆ మండలం ఏ జిల్లాకు చెందునో తెలిపే జిల్లా కోడ్ ఉంటాయి. వాడుకరి జిల్లాను ఎంచుకోగానే బ్రౌజరులోని స్క్రిప్టు ఆ జిల్లా కోడ్‌ను సర్వరుకు పంపుతుంది. సర్వరు డేటాబేసును అడుగుతుంది. ఎస్‌క్యూఎల్ భాషలో వేర్ అనే పదం తరువాత వ్రాసే షరతు ఇక్కడ అసలైన జల్లెడ. జిల్లా కోడ్ సరిపోలిన వరుసలు మాత్రమే తిరిగి వస్తాయి. వాటితో రెండవ జాబితా నిండుతుంది.

మండలాన్ని పేరుతో గాక కోడ్‌తో గుర్తించడానికి కారణం ఉన్నది. రామచంద్రాపురం అనే మండలం పూర్వపు తూర్పు గోదావరి, చిత్తూరు, మెదక్ జిల్లాలు మూడింటిలోనూ ఉన్నది. పేరును మాత్రమే నమోదు చేస్తే అది ఏ రామచంద్రాపురమో తెలియదు. గ్రామాల విషయంలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. కొత్తపల్లి, రామాపురం వంటి పేర్లు ఎన్నో మండలాలలో కనిపిస్తాయి.

వినడానికి సులభంగా ఉన్నా, ఆచరణలో ఈ ఏర్పాటు కొన్ని చోట్ల తడబడుతుంది. వాడుకరి మొదట ఒక జిల్లాను, దానికి చెందిన మండలాన్ని ఎంచుకొని, తరువాత మనసు మార్చుకొని జిల్లాను మార్చవచ్చును. అప్పుడు పాత మండలపు ఎంపికను తొలగించాలి. తొలగించకపోతే ఒక జిల్లా, వేరొక జిల్లాకు చెందిన మండలం కలిసి నమోదవుతాయి. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉన్నచోట మరొక చిక్కు వస్తుంది. వాడుకరి పొరపాటున నల్గొండను ఎంచుకొని, వెంటనే ఖమ్మంగా మార్చాడనుకొందము. సర్వరుకు రెండు విన్నపాలు వెళ్తాయి. ఖమ్మానికి సంబంధించిన సమాధానం ముందుగా, నల్గొండకు సంబంధించినది ఆలస్యంగా వస్తే, పైన ఖమ్మం అని ఉండి క్రింద నల్గొండ మండలాలు కనిపిస్తాయి. కనుక చివరి విన్నపానికి వచ్చిన సమాధానాన్ని మాత్రమే స్వీకరించి, మిగిలిన వాటిని విడిచిపెట్టునట్లు స్క్రిప్టును వ్రాయవలసి ఉంటుంది.

ఫారములో వేరే చోట దోషం ఉండి సర్వరు దానిని తిప్పి పంపినప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఫోను నంబరులో ఒక అంకె తక్కువైనందుకు ఫారం వెనక్కు వస్తే, అప్పటికే ఎంచుకున్న జిల్లాను బట్టి మండలాల జాబితాను సర్వరే మళ్ళీ నింపి పంపాలి. చాలా ఫారములలో ఈ పని జరగదు. జిల్లా అలాగే ఉండి, మండలం, గ్రామం ఖాళీ అవుతాయి. దరఖాస్తుదారు మొదటి నుండి మొదలుపెట్టవలసి వస్తుంది. గడువు చివరి రోజున దరఖాస్తు చేసేవారికి ఇది చిన్న విషయం కాదు.

జిల్లాలు మారినప్పుడు

వడపోత ఎంత సరిగా ఉన్నా, దానికి ఆధారమైన పట్టిక కాలంతో పాటు మారుతుంది. తెలుగు రాష్ట్రాల జిల్లాల చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. 1985లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడినవి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం 10 జిల్లాలతో ఏర్పడింది. 2016 అక్టోబరు 11న ఆ జిల్లాల సంఖ్య 31కి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట జిల్లాల చేరికతో 33కి పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినవి.

వీటిలో వరంగల్ కథ ప్రత్యేకమైనది. 2016కు ముందు వరంగల్ అనగా ఒక పెద్ద జిల్లా. 2016లో దాని నుండి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ తో పాటు ఇతర జిల్లాలు ఏర్పడినవి. 2021లో వరంగల్ అర్బన్ జిల్లాకు హనుమకొండ అని, వరంగల్ రూరల్ జిల్లాకు వరంగల్ అని పేర్లు మార్చారు. అనగా 2015 నాటి నమోదులోని వరంగల్, 2022 నాటి నమోదులోని వరంగల్ ఒకే పేరు గల రెండు వేర్వేరు ప్రాంతాలు. పట్టికలో పేరును మాత్రమే ఉంచిన డేటాబేసులో ఈ రెండింటినీ వేరుచేయడానికి నమోదు తేదీ తప్ప మరొక ఆధారం ఉండదు. ప్రతి జిల్లాకూ మారని కోడ్‌ను ఇచ్చి, అది ఎప్పటి నుండి ఎప్పటి వరకు అమలులో ఉన్నదో తెలిపే రెండు తేదీలను పట్టికలో ఉంచితే ఈ సమస్య ఉండదు. అప్పుడు వడపోత షరతు కూడా తేదీని బట్టి పనిచేస్తుంది. కొత్త దరఖాస్తుకు నేటి జిల్లాలు, పాత ధ్రువపత్రపు నకలుకు ఆనాటి జిల్లాలు వస్తాయి.

మండలాలు కూడా ఉన్నచోటనే ఉండవు. చింతూరు మండలం 2014 రాష్ట్ర విభజన సందర్భంగా ఖమ్మం జిల్లా నుండి తూర్పు గోదావరి జిల్లాకు, తద్వారా ఆంధ్రప్రదేశ్‌కు మారింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. అక్కడి ఇల్లు కదలలేదు, ఊరు కదలలేదు. అయినా ఆ ఊరివారు తమ చిరునామా నింపడానికి ఎనిమిది సంవత్సరాలలో మూడు వేర్వేరు జిల్లాల క్రింద వెదకవలసి వచ్చింది. మండలాల పట్టికలో జిల్లా కోడ్‌ను నేరుగా మార్చివేస్తే కొత్త దరఖాస్తులకు సరిపోతుంది గాని, పాత దరఖాస్తులు కూడా మొదటి నుండి కొత్త జిల్లాకే చెందినట్లు కనిపిస్తాయి. ఆ సంవత్సరాల జిల్లావారీ లెక్కలు అప్పుడు తప్పుతాయి.

భారతదేశంలో రాష్ట్రాలు, జిల్లాలు, గ్రామాలు మొదలైన వాటికి ఏకరూప కోడ్‌లను ఇచ్చేందుకు కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ స్థానిక ప్రభుత్వ డైరెక్టరీని నిర్వహిస్తున్నది. అయితే ఒకే ప్రాంతానికి వేర్వేరు వ్యవస్థలలో వేర్వేరు కోడ్‌లు ఉండడం సాధారణం. 2011 జనాభా లెక్కలలో ఆంధ్రప్రదేశ్ కోడ్ 28 కాగా, 2017లో మొదలైన వస్తు సేవల పన్ను నంబర్లలో ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36 వాడుతున్నారు. ఒక జాబితాలోని కోడ్‌లను మరొక జాబితాకు ఆధారంగా వాడే ముందు అవి ఏ వ్యవస్థకు చెందినవో చూచుకొనవలెను.

పాత విలువ మాయమగుట

వడపోత వలన కలిగే ఇబ్బందులలో అన్నింటికంటె ప్రమాదకరమైనది కంటికి కనిపించనిది. కొత్త నమోదుల కొరకు జాబితాను అమలులో ఉన్న విలువలకు పరిమితం చేస్తారు. అదే ఫారమును పాత నమోదులను సవరించడానికి కూడా వాడతారు. పాత నమోదులోని విలువ ఇప్పుడు జాబితాలో లేదు. అప్పుడేమి జరుగుతుంది?

హెచ్‌టీఎంఎల్ ప్రమాణం ప్రకారం, ఒక్క విలువను మాత్రమే ఎంచుకొనే డ్రాప్‌డౌన్ జాబితాలో ఏదీ ముందుగా ఎంపికై లేకపోతే, బ్రౌజరు మొదటి అంశాన్నే ఎంపికైనట్లు చూపుతుంది. ఒక ఉద్యోగి నమోదులో జిల్లా వరంగల్ అర్బన్ అని ఉన్నదనుకొందము. 2021 తరువాత ఆ పేరు గల వరుసను జాబితా నుండి తొలగించి, హనుమకొండ అని కొత్త వరుసను చేర్చారు. గుమాస్తా ఆ నమోదును తెరచి, ఫోను నంబరును మాత్రమే మార్చి భద్రపరుస్తాడు. జాబితాలో మొదటి పేరు ఆదిలాబాద్. ఆ ఉద్యోగి జిల్లా అప్పటి నుండి ఆదిలాబాద్ అవుతుంది. దోష సందేశం ఏదీ రాదు, ఎందుకంటే ఆదిలాబాద్ కూడా చెల్లుబాటయ్యే విలువే. బదిలీయో, పింఛనో వచ్చే నాటికి గాని ఈ తేడా బయటపడదు. అప్పటికి అది ఎవరి చేతిలో, ఎప్పుడు మారిందో చెప్పడం కష్టం.

జాబితా పైభాగాన ఖాళీ అంశాన్ని ఉంచడం వలన ఈ ప్రమాదం కొంత తగ్గుతుంది. ఆ గడి తప్పనిసరి అయితే దోష సందేశం వచ్చి గుమాస్తా ఆగుతాడు. తప్పనిసరి కానిచో పాత విలువ చెరిగిపోయి ఖాళీగా నమోదవుతుంది. సరియైన మార్గం వడపోత షరతును రెండు భాగాలుగా వ్రాయడం. అమలులో ఉన్న విలువలు లేదా ఈ నమోదులో ఇప్పటికే ఉన్న విలువ, ఈ రెండింటిలో ఏది నిజమైనా ఆ వరుస జాబితాలోకి రావాలి. పాత విలువ ప్రక్కన వాడుకలో లేదు అని చిన్న గుర్తు ఉంచితే సవరించేవారికి విషయం అర్థమవుతుంది. ఇందుకు తోడుగా, వాడుక నిలిచిపోయిన వరుసలను పట్టిక నుండి చెరిపివేయక, అమలులో లేదని గుర్తించి అట్లే ఉంచవలెను.

జాంగోలో వడపోత

ఈ సూత్రాలు ఆచరణలో ఎట్లుంటాయో చూచుటకు పైథాన్ భాషలో వ్రాసిన జాంగో అనే వెబ్ చట్రం అనుకూలమైనది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రానికి చెందిన లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే దినపత్రిక కార్యాలయంలో అడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ దీనిని 2003లో ప్రారంభించారు. 2005 జూలైలో ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా విడుదలైంది. గిటారు వాద్యకారుడు జాంగో రైన్‌హార్ట్ పేరును దీనికి పెట్టారు. పట్టికల వర్ణన నుండి నిర్వాహకుల ఫారములను ఇది తానే తయారుచేస్తుంది. ప్రతి ఫారిన్ కీ ఒక డ్రాప్‌డౌన్ జాబితాగా మారుతుంది. వడపోయకపోతే ఆ జాబితాలో రెండవ పట్టికలోని వరుసలన్నీ వస్తాయి.

జాంగోలో వడపోతను మూడు చోట్ల పెట్టవచ్చును. ఫారిన్ కీ వర్ణనలోనే లిమిట్ ఛాయిసెస్ టు అనే లక్షణంగా షరతును వ్రాస్తే అది నమూనా నుండి తయారయ్యే ఫారములన్నింటికీ వర్తిస్తుంది. అమలులో ఉన్న కోర్సులు వంటి, అందరికీ సమానమైన షరతులకు ఇది చాలును. అయితే వర్ణన వ్రాసే చోట వాడుకరి ఎవరో తెలియదు. నిర్వాహకుల ఫారములలో వాడుకరిని బట్టి వడపోయాలంటే, ఫారిన్ కీకి గడిని తయారుచేసే పద్ధతిని నిర్వహణ తరగతిలో తిరిగి వ్రాయాలి. ఆ పద్ధతికి వచ్చిన విన్నపపు వివరాలు అందుతాయి కనుక, లాగిన్ అయినవారికి చెందిన వరుసలను మాత్రమే ఇవ్వవచ్చును. సాధారణ ఫారములలో ఐతే, ఫారం వస్తువు తయారయ్యే సమయంలో ఆ గడికి సంబంధించిన క్వెరీ సెట్‌ను మార్చుతారు. సవరించబడుచున్న నమోదు కూడా అక్కడే చేతికి అందుతుంది గనుక, పైన చెప్పిన పాత విలువను కలిపే షరతును చేర్చడానికి ఇదే అనువైన చోటు.

కొత్తగా నేర్చుకొనేవారు తరచుగా చిక్కుకొనే విషయం తేదీకి సంబంధించినది. నేటి వరకు విడుదలైనవి అనే షరతులో నేటి తేదీని నేరుగా లెక్కించి వ్రాస్తే, అది ప్రోగ్రాము మొదలైనప్పుడు ఒక్కసారే లెక్కింపబడుతుంది. సర్వరు నెల రోజులు ఆగకుండా నడిస్తే, ఆ నెలంతా జాబితా మొదటి రోజునే ఉండిపోతుంది. తన కంప్యూటరులో రోజుకు పదిసార్లు ప్రోగ్రామును ఆపి మొదలుపెట్టే ప్రోగ్రామరుకు ఈ దోషం కనిపించదు. లెక్కించిన తేదీకి బదులుగా, అవసరమైన ప్రతిసారీ తేదీని లెక్కించే ఫంక్షనును ఇవ్వడం దీనికి పరిష్కారం.

జాంగో ఫారములో మరొక మంచి గుణం కలదు. జాబితాను నింపిన క్వెరీ సెట్‌తోనే తిరిగి వచ్చిన విలువను కూడా సరిచూస్తుంది. ఆ సెట్‌లో లేని కోడ్ వస్తే ఫారం చెల్లదు. చూపించడం, అంగీకరించడం అనే రెండు పనులకూ ఒకే షరతు ఆధారం కావడం వలన వాటి మధ్య తేడా రాదు. కానీ ఫారమును దాటి నేరుగా నమోదును భద్రపరచే ప్రోగ్రాము ఉంటే ఈ పరీక్ష జరగదు. బయటి ఫైలు నుండి వేల నమోదులను ఒకేసారి చేర్చే సందర్భాలలో ఇది గుర్తుంచుకొనవలసిన విషయం.

చూపించడం, అంగీకరించడం

డ్రాప్‌డౌన్ జాబితాలో లేని విలువను వాడుకరి పంపలేడని అనుకోవడం సహజం. ఇది నిజం కాదు. బ్రౌజరు సర్వరుకు పంపేది ఒక పేరు, ఒక విలువ మాత్రమే. పేజీ మూలాన్ని బ్రౌజరులోనే మార్చడానికి, లేదా ఫారం లేకుండానే విన్నపాన్ని తయారుచేసి పంపడానికి ప్రత్యేక నైపుణ్యం అవసరం లేదు. జాబితాలో 41, 42, 43 అనే కోడ్‌లు మాత్రమే ఉన్నా, 44ను పంపడం సాధ్యమే. సర్వరు దానిని అడ్డుకొనకపోతే ఒక పాఠశాల గుమాస్తా మరొక పాఠశాల విద్యార్థి నమోదును మార్చగలడు.

ఈ తరహా లోపాన్ని వెబ్ భద్రత రంగంలో పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2007లో ప్రకటించిన పది ముఖ్య ప్రమాదాల జాబితాలో విడిగా పేర్కొన్నది. తరువాత దీనిని అనుమతుల తనిఖీ వైఫల్యం అనే విశాలమైన శీర్షికలో కలిపివేశారు. 2021 జాబితాలో ఆ శీర్షికకు మొదటి స్థానం లభించింది.

దాచడమే వడపోత అనుకోవడం దీనికి సోదరి వంటి పొరపాటు. కొన్ని ఫారములు అందరి వివరాలనూ బ్రౌజరుకు పంపి, వాటిలో కొన్నింటిని స్క్రిప్టుతో కనిపించకుండా చేస్తాయి. జిల్లాల పేర్ల విషయంలో ఇందులో దోషం లేదు, అవి అందరికీ తెలిసినవే. రోగుల పేర్లు, ఉద్యోగుల పేర్లు ఐతే, పేజీ మూలాన్ని తెరచిన ఎవరికైనా అవి కనిపిస్తాయి. వాడుకరిని బట్టి చేసే వడపోత సర్వరులోనే ముగియవలెను. అనుమతి లేని పేరు తెరపైకే కాదు, తీగ మీదకు కూడా రాకూడదు.

జిల్లా, మండలం పొంతన విషయంలో డేటాబేసు కూడా సహాయపడగలదు. దరఖాస్తులో గ్రామపు కోడ్‌ను మాత్రమే ఉంచి, మండలాన్ని, జిల్లాను దాని నుండి రాబట్టుకొనడం ఒక పద్ధతి. అప్పుడు పొంతన లేని జత ఏర్పడే అవకాశమే లేదు. జిల్లా, మండలం రెండింటినీ ఉంచవలసి వస్తే, ఆ రెండు కోడ్‌లనూ కలిపి మండలాల పట్టికను సూచించే జంట ఫారిన్ కీని ఏర్పరచవచ్చును. పొంతన లేని జతను అప్పుడు డేటాబేసే తిరస్కరిస్తుంది. స్క్రిప్టులో ఎన్ని లోపాలున్నా ఈ గోడ నిలుస్తుంది.

లభ్యతను బట్టి చేసే వడపోతకు మరొక నియమం కావాలి. జాబితాలో ఖాళీగా కనిపించిన సీటును, వాడుకరి మిగిలిన వివరాలు నింపేలోగా మరొకరు తీసుకొనవచ్చును. కనుక జాబితా అనేది అది తయారైన క్షణపు చిత్రం మాత్రమే. భద్రపరచే క్షణాన లావాదేవీలో మళ్ళీ సరిచూసి, ఒక సీటుకు ఒకే నమోదు ఉండునట్లు డేటాబేసులో నిబంధన పెట్టవలసి ఉంటుంది.

పెద్ద జాబితాలు, వరుస క్రమం

2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో ఆరు లక్షల నలభై వేలకు పైగా గ్రామాలున్నవి. వీటిని ఒకే జాబితాలో ఎవరూ ఉంచరు. కానీ వడపోయని ఫారిన్ కీ వలన వేల వరుసలున్న జాబితాలు తయారవడం అరుదు కాదు. పేజీ తెరచుకొనడానికే నిమిషాలు పట్టడం, ఫోనులో వ్రేలితో జరుపుతూ పోవలసి రావడం దీని ఫలితాలు. ఇటువంటి చోట కొన్ని అక్షరాలు టైపు చేయగానే సరిపోలిన పేర్లను మాత్రమే తెచ్చే గడులు మేలు. జాంగో నిర్వాహక ఫారములలో ఈ సౌకర్యం 2017 డిసెంబరులో విడుదలైన 2.0 నుండి ఉన్నది. ఆ చిన్న జాబితాను అందించే చిరునామాకు కూడా వాడుకరి అనుమతుల వడపోత వర్తించాలి. ఫారములో కట్టుదిట్టంగా వడపోసి, టైపు చేసినప్పుడు వచ్చే సూచనలలో మాత్రం అందరి పేర్లనూ చూపే ఫారములు లేకపోలేదు.

తెలుగు జాబితాలకు వరుస క్రమం ఒక ప్రత్యేక సమస్య. ఆంగ్ల పేర్ల క్రమంలో అమర్చిన జిల్లాల జాబితాను అదే క్రమంలో తెలుగు లిపిలోకి మార్చితే ఆదిలాబాద్ తరువాత భద్రాద్రి కొత్తగూడెం, హనుమకొండ, హైదరాబాదు వరుసగా వస్తాయి. తెలుగు అక్షరమాలను అనుసరించి వెదకేవారికి ఇది గజిబిజిగా ఉంటుంది. యూనికోడ్ సంఖ్యల క్రమంలో అమర్చితే చాలావరకు అక్షరమాల క్రమమే వచ్చినా, ళ అక్షరం ల, వ ల మధ్యకు వస్తుంది. టైపు చేసి వెదకే గడిలో వాడుకరి తెలుగులో వ్రాసినా, ఆంగ్ల లిపిలో వ్రాసినా పేరు దొరకాలంటే, రెండు రూపాలనూ పట్టికలో ఉంచి రెండింటిలోనూ వెదకాలి.

జాబితాలో లేనివారు

వడపోత షరతును వ్రాసేవారు ప్రపంచం తమ పట్టికకు సరిపోతుందని భావిస్తారు. ఒక గ్రామం పక్కనున్న పురపాలక సంఘంలో విలీనమైతే, గ్రామీణ ప్రాంతం అని ఎంచుకున్నప్పుడు ఆ ఊరి పేరు రాదు. పట్టణ ప్రాంతం అని ఎంచుకుంటే పురపాలక సంఘం పేరు వస్తుంది గాని, ఆ ఊరివారు దానిని తమ చిరునామాగా ఎరుగరు. గూడేలు, తండాలు చాలా జాబితాలలో విడిగా ఉండవు. దరఖాస్తు ముందుకు సాగాలంటే ఏదో ఒకటి ఎంచుకోవాలి గనుక, వారు ప్రక్క ఊరి పేరును ఎంచుకుంటారు.

ఇలా నమోదైన విలువకు చెల్లుబాటు పరీక్షలన్నీ సరిపోతాయి. గ్రామం ఆ మండలంలోనిదే, మండలం ఆ జిల్లాలోనిదే. విలువ మాత్రం నిజం కాదు. ఏ ఊరిలో ఎంతమంది దరఖాస్తు చేశారో లెక్కించినప్పుడు ఒక ఊరు ఉన్నదానికంటె పెద్దదిగా కనిపిస్తుంది, మరొక ఊరు లెక్కలోనే ఉండదు. వడపోత ఎంత కట్టుదిట్టంగా ఉంటే ఈ తరహా తప్పు అంత శుభ్రంగా కనిపిస్తుంది.

జాబితా చివర మా ఊరు ఇందులో లేదు అనే అంశాన్ని ఉంచి, దానిని ఎంచుకున్నవారికి స్వేచ్ఛగా వ్రాసే గడిని తెరవడం దీనికి వాడుకలో ఉన్న ఉపాయం. అలా వ్రాసిన పేర్లను నేరుగా గ్రామాల పట్టికలో చేర్చకూడదు. ఒకే ఊరి పేరును పదిమంది పది విధాలుగా వ్రాస్తారు. వాటిని వేరొక పట్టికలో నిలిపి, ఆ మండలపు వివరాలు తెలిసిన ఉద్యోగి పరిశీలించి, పాత గ్రామానికి మరో పేరైతే దానితో జతచేయడం, నిజముగా కొత్తదైతే కోడ్ ఇచ్చి పట్టికలో చేర్చడం జరగాలి. పరిశీలన ముగిసేలోగా దరఖాస్తును ఆపివేయక, వ్రాసిన పేరుతోనే స్వీకరించి ఉంచవలెను. ఉద్యోగి జతచేసిన నాడు ఆ పేరుతో వచ్చిన పాత దరఖాస్తులన్నీ సరియైన కోడ్‌ను పొందుతాయి, ఆ తరువాత అదే ఊరి నుండి వచ్చేవారికి తమ ఊరి పేరు జాబితాలోనే కనిపిస్తుంది.